బ్రౌన్ దొర, తాటాకులు, మా ఐఎస్‌ఓ ఫైలు

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. వాళ్ళ నాన్న డేవిడ్ బ్రౌన్ చర్చి మనిషి, చాలా భాషలు తెలిసినవాడు, ఫోర్ట్ విలియం కాలేజీలో పెద్ద పదవిలో ఉన్నవాడు. ఇంట్లోనే పిల్లలకి హీబ్రూ, అరబ్బీ, పారశీ, హిందుస్తానీ చెప్పించాడంటారు. అన్ని భాషల మధ్య పెరిగిన పిల్లాడికి తెలుగు మాత్రం అక్షరం కూడా తెలీదు. 1812లో నాన్న పోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్ళిపోయింది. అక్కడ కంపెనీ ఉద్యోగాలకి కుర్రాళ్ళని తయారుచేసే హెయిలీబరీ కాలేజీలో చదివి, 1817 ఆగస్టులో మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండి పందొమ్మిదో ఏడు నడుస్తోంది. అంటే మన సెకండియర్ వయసు.

మద్రాసులో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర ఓనమాలు మొదలుపెట్టాడు. నాలాగా ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగుని పదో తరగతి మార్కుల కోసం మాత్రమే ముట్టుకున్నవాళ్ళకి ఈ భాగం చదువుతుంటే కొంచెం ధైర్యం వస్తుంది. మూడేళ్ళ తర్వాత, 1820లో, ఆయన్ని కడప కలెక్టరు హాన్‌బరీ కింద అసిస్టెంటుగా వేశారు. మద్రాసు గవర్నరుగా అదే ఏడు థామస్ మన్రో వచ్చాడు. మన సీడెడ్ జిల్లాల్లో ఏళ్ళ తరబడి తిరిగినవాడు కాబట్టి, జిల్లాలో పనిచేసే ఆఫీసరుకి అక్కడి జనం మాట రావాలని పట్టుబట్టేవాడు. కడపలో చెవిన పడేదంతా తెలుగే కాబట్టి బ్రౌన్‌కి తప్పించుకునే దారి లేదు.

ఆయన గురించి ఈ సంచికలో ఎందుకు రాస్తున్నానో ఇక్కడే చెప్పేస్తాను. మన కాలేజీ లైనక్స్ గుంపు వచ్చే సెమిస్టరులో ఫస్టియర్ వాళ్ళకి పంచడానికి ఒక ఐఎస్‌ఓ తయారుచేస్తోంది. డెబియన్ మీద కట్టింది. తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఒక స్పెల్ చెకర్ ఉంటాయి. అందులో వైటీ-డీఎల్‌పీ పెట్టాలా వద్దా అని మూడు వారాలుగా గొడవ. యూట్యూబ్ లాంటి సైట్ల నుంచి వీడియో దింపుకునే కమాండ్ అది. ఆ సైటు షరతుల్లో, అనుమతి లేకుండా దింపుకోకూడదని ఉంది. అలాంటప్పుడు ఆ పని చేయగల పనిముట్టుని మన పేరుతో మనం పంచొచ్చా అని ఒక సీనియర్ అన్న ప్రశ్న. పంచకపోతే సిగ్నల్ సరిగ్గా లేని ఊరి నుంచి వచ్చే జూనియర్లు హాస్టల్లో పాఠాలు దింపుకుని ఇంటికి ఎట్లా తీసుకుపోతారని ఇంకొకరి ప్రశ్న. ఈ వాదనలో నాకు మాటిమాటికీ బ్రౌనే గుర్తొచ్చాడు. ఎందుకో చెప్పాలంటే ఆయన చేసిన పని కొంచెం వివరంగా చెప్పాలి.

కడప తర్వాత ఆయన్ని మచిలీపట్నం పంపారు. అక్కడ 1824లో, ఆబే డుబాయ్ అనే ఫ్రెంచి పాదిరి మన దేశం గురించి రాసిన పుస్తకం చదువుతుంటే వేమన పేరు తగిలింది. ఎవరీ వేమన అని వెతికాడు. పండితుల్ని అడిగితే వాళ్ళకది పెద్ద లెక్కలోకి వచ్చే కవిత్వమే కాదు. కూలీ నుంచి రెడ్డి దాకా అందరి నోట్లో ఉంది కానీ పాఠం చెప్పే చోట లేదు. బ్రౌన్‌కి అదే నచ్చింది. దొరికిన తాటాకు ప్రతులన్నీ పోగుచేశాడు. ఒక దాంట్లో ఉన్న పద్యం ఇంకో దాంట్లో లేదు, ఉన్నదాంట్లోనూ మాటలు తేడా. రాసినవాడి చెయ్యి జారినచోటల్లా తప్పు, ఆ తప్పుని ఎత్తిరాసినవాడు ఇంకో రెండు కలిపాడు. గిట్ లేని కాలంలో వందేళ్ళ పాటు ఎవరికి వాళ్ళు ఫోర్క్ చేసుకుంటూ పోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉందన్నమాట.

1826లో మళ్ళీ కడపకి వచ్చాడు. ఈసారి ఒక బంగళా, దాని చుట్టూ తోట కొన్నాడు. ఇక అసలు కథ అక్కడ మొదలు. సొంత జీతంతో పండితుల్ని పెట్టుకున్నాడు, రాయసగాళ్ళని పెట్టుకున్నాడు. జీతం చాలనప్పుడు సావుకార్ల దగ్గర అప్పు చేశాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి లాంటి పండితులు ఆయన కింద పనిచేశారు. ఈ వ్యవహారమంతా చూసుకున్నది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. దొరకి వేరే ఊరికి బదిలీ అయినా బంగళాలో పని ఆగకుండా నడిపించింది ఈయనే. మన పాఠ్యపుస్తకాల్లో బ్రౌన్ పేరు ఉంటుంది, కృష్ణారెడ్డి పేరు ఉండదు. నాకు అది బాగా అన్యాయం అనిపిస్తుంది. ప్రాజెక్టులో మెయింటైనర్‌ని ఎవరూ గుర్తుపెట్టుకోరు కదా, అట్లా.

పని జరిగే పద్ధతి ఇది. ఒక కావ్యం కావాలంటే ముందు అది ఎవరింట్లో ఉందో కనుక్కుంటారు. ఒకటి కాదు, దొరికినన్ని ప్రతులు తెప్పిస్తారు. రాయసగాళ్ళు కాగితం మీద ఎత్తిరాస్తారు. పండితులు కూర్చుని ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి ఎక్కడ ఏ మాట సరైనదో తేలుస్తారు. తేలినదాన్ని మళ్ళీ శుభ్రంగా రాయిస్తారు, అవసరమైతే దానికి వ్యాఖ్యానం రాయిస్తారు. మనుచరిత్ర, వసుచరిత్ర లాంటివి ఇట్లా బంగళా దారిన అచ్చుదాకా వచ్చాయి. కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి పోగుచేసిన కైఫీయత్తులు పాడైపోతుంటే వాటినీ కాగితాల మీదికి ఎత్తిరాయించాడు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. తాటాకు పుస్తకం ఉన్న ఇంటికి కూడా షరతులు ఉండేవి. ఎక్కడా రాసిపెట్టి ఉండవు, అంతే తేడా. ఎవరికి చూపించాలి, ఎవరు ముట్టుకోవచ్చు, ఇల్లు దాటి పోవచ్చా, ఎవరు చదవడానికి తగినవాళ్ళు, అన్నీ ఆచారమే చెప్పేది. సీమ నుంచి వచ్చిన దొర చేతికి పుస్తకం ఇవ్వడం ఆ షరతుల్లో ఎక్కడా ఇమడదు. ఇక్కడ కాపీరైటు చట్టం కూడా 1847 దాకా రాలేదు కాబట్టి చట్టం దొర పక్షాన గానీ ఇంటివాళ్ళ పక్షాన గానీ లేదు. ఉన్నదల్లా ఇంటివాడి ఇష్టం, అడిగేవాడి పద్ధతి.

మా గుంపులో బ్రౌన్ ఉదాహరణ తెచ్చినప్పుడు ఒక అమ్మాయి వేసిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. కంపెనీ ఆఫీసరు, అదీ జిల్లా కచేరీ మనిషి, పుస్తకం అడిగితే ఒక పల్లెటూరి బాపనాయన ఇవ్వనని అనగలడా అని అడిగింది. నిజమే. అడగడం వేరు, అధికారం ఉన్నవాడు అడగడం వేరు. బ్రౌన్ డబ్బిచ్చి చేయించుకున్నాడు, ఎత్తిరాసుకున్నాడు అని చెప్పినంత మాత్రాన ఆ ప్రశ్న పోదు. కానీ ఒకటి ఉంది. తాటాకు ఎత్తుకుపోవడానికీ ఎత్తిరాసుకోవడానికీ చాలా తేడా. ఎత్తిరాస్తే ఇంటివాడి పుస్తకం ఇంట్లోనే ఉంటుంది, ఇంకొకటి పుడుతుంది. మొదటిది చెదలు తిన్నా రెండోది మిగులుతుంది. అసలు తాటాకు పుస్తకం బతకడమే ఎత్తిరాయడం మీద ఆధారపడింది. ఎవరూ ఎత్తిరాయకపోతే కొన్ని తరాల్లో పొడైపోతుంది. షరతు పాటించిన ఇళ్ళల్లో ఎన్ని పుస్తకాలు అట్లా పోయాయో లెక్కపెట్టే దారే లేదు.

1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో మద్రాసులో అచ్చయ్యాయి. పోగైనవాటి నుంచి ఏరి 693 పద్యాలు వేశాడు. పదేళ్ళ తర్వాత, 1839లో, రెండో కూర్పులో 1164 అయ్యాయి. నాకు ఈ రెండు అంకెలు ఇష్టం. మొదటిసారి ఏది వేయాలి, ఏది వద్దు అని ఎవరో ఒకరు కూర్చుని తేల్చక తప్పదు. డిస్ట్రిబ్యూషన్ అంటే అదే. ప్రపంచంలో ఉన్నదంతా ఎవరూ సీడీలో పెట్టరు, ఎంచి పెడతారు. ఎంచే పని ఉన్నప్పుడు ఎందుకు ఎంచావు అని అడిగేవాళ్ళూ ఉంటారు. వేమనలో పెద్దమనుషులకి గిట్టని పద్యాలు బోలెడు. కులాన్నీ గుడినీ గురువునీ ఎవర్నీ వదల్లేదు కదా ఆయన. పండితుల అభ్యంతరమే కొలబద్ద అయితే ఈ పుస్తకం అచ్చులోకి వచ్చేదే కాదు, ఇప్పుడు మన పక్కన యోగి వేమన విశ్వవిద్యాలయం అని బోర్డూ ఉండేది కాదు.

మధ్యలో గుంటూరు కరువు వచ్చింది. 1832, 33ల్లో. మనవాళ్ళు డొక్కల కరువు అన్నది దాన్నే. అప్పుడు బ్రౌన్ అక్కడ పనిలో ఉన్నాడు. పైవాళ్ళు కాగితాల్లో కొరత అనే మాటతో సరిపెడుతుంటే ఈయన కరువు అనే రాశాడు. కరువు అని రాస్తే సర్కారు ఖర్చు పెట్టాలి, కొరత అంటే ఆ బాధ లేదు. ఒక మాట ఎంచుకోవడంలో ఎంత ఉందో నిఘంటువు రాయబోయే మనిషికి అప్పుడే తెలిసుండాలి. 1834లో కంపెనీ ఆయన్ని పని నుంచి తప్పించింది, ఇంగ్లండు వెళ్ళిపోయాడు.

అక్కడ కూడా ఊరికే కూర్చోలేదు. లండన్‌లో కంపెనీ వాళ్ళ ఇండియా హౌస్ లైబ్రరీలో దక్షిణాది భాషల రాతప్రతులు రెండు వేలకు పైగా, చదివే నాథుడు లేకుండా పడి ఉన్నాయి. వాటిని అక్కడి లైబ్రేరియన్ విల్సన్ సాయంతో మద్రాసుకి పంపే ఏర్పాటు చేశాడు. లండన్‌లో అవి భద్రంగానే ఉన్నాయి, బీరువాకి తాళం ఉంది, రూల్స్ ప్రకారమే ఉన్నాయి. కాకపోతే తెలుగు చదవగలిగినవాడు ఆ తాళం దగ్గరికి ఎప్పటికీ రాడు. తన సొంత ప్రతులు కూడా తర్వాత మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. ఈ రెండూ, మెకంజీవీ కలిసి, మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం అయ్యాయి. తెలుగు కావ్యాల మీద పరిశోధన చేసే ఎవరైనా ఇప్పటికీ ఆ దారిన పోవాల్సిందే.

ఇక మన కాలానికి వస్తాను. వైటీ-డీఎల్‌పీకి ముందు యూట్యూబ్-డీఎల్ అని ఉండేది, 2006 నుంచి. 2020 అక్టోబరులో అమెరికా రికార్డింగు కంపెనీల సంఘం గిట్‌హబ్‌కి నోటీసు పంపింది, ఆ కోడ్ ఉన్న పేజీ మూతపడింది. కోడ్ పరీక్షల్లో కొన్ని కాపీరైటు పాటల లింకులు ఉదాహరణలుగా ఉండటం కూడా వాళ్ళ ఫిర్యాదులో ఒక అంశం. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ లాయర్లు జవాబు రాశారు, ఆ పరీక్షలు మార్చారు, నవంబరులో గిట్‌హబ్ తిరిగి పెట్టేసింది. ఇలాంటి కేసుల్లో డెవలపర్లకి సాయం చేయడానికి పది లక్షల డాలర్ల నిధి కూడా ప్రకటించింది. డెబియన్ ఈ ప్రోగ్రాముని తన ప్రధాన విభాగంలోనే పంచుతోంది. 1997లో వాళ్ళు రాసుకున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రాల్లో, లైసెన్సు అనేది ఫలానా రంగానికి వాడకూడదని అడ్డుపెట్టకూడదని ఉంది. లైసెన్సు గురించి చెప్పిన మాటే అయినా, పనిముట్టుని పనిముట్టుగా చూడటం అనే ఆలోచన దాని వెనక ఉంది. అలాగని డెబియన్ వాళ్ళు అన్నీ పెట్టేస్తారనుకోకండి. డీవీడీ తాళం విప్పే లిబ్‌డీవీడీసీఎస్‌ఎస్‌ని వాళ్ళు పంచరు. దాన్ని బయటినుంచి తెచ్చి కట్టుకునే చిన్న ప్యాకేజీ ఒకటి, ప్రధాన విభాగం బయట, కాంట్రిబ్‌లో పెట్టి ఊరుకున్నారు. అంటే తాళం విప్పడానికీ, తెరిచున్న పేజీని సైటు వద్దన్నా కాపీ చేసుకోవడానికీ మధ్య వాళ్ళు ఒక గీత గీశారు.

మా సీనియర్ అన్న వాదన తీసిపారేసేది కాదు. ఆయన భయం కోర్టు గురించి కాదు, కాలేజీ నెట్‌వర్కు గురించి. ఫస్టియర్ పిల్లలు రెండు వందలమంది ఒకే రాత్రి సినిమాలు దింపితే చివాట్లు తినేది మా గుంపే. ఇంకో మాట కూడా అన్నాడు. కొన్ని సైట్లు ఒకరిద్దరు సొంత డబ్బుతో నడిపేవి, అక్కడ ఒకేసారి మొత్తం దింపొద్దని రాసేది దురాశతో కాదు, సర్వర్ మోయలేక. ఇది నిజం. మేమే చూశాం. మా స్పెల్ చెకర్‌కి మాటల పట్టిక కావాలి. బ్రౌన్ నిఘంటువు కంటే మంచి మొదలు ఏముంది? దాని మీద కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. కానీ మాకు దొరికిన టైపు చేసిన ప్రతి ఉన్న సైటులో మాత్రం స్క్రిప్టు పెట్టి మొత్తం తీసుకోకూడదని షరతు ఉంది. మాటలు బ్రౌన్‌వి, టైపు చేసిన కష్టం వాళ్ళది. స్క్రిప్టు రాయడం ఇరవై లైన్ల పని. రాయలేదు, మెయిల్ పెట్టాం. జవాబు కోసం చూస్తున్నాం.

అట్లా అని ఆ స్క్రిప్టు రాయగలిగే పనిముట్లని ఐఎస్‌ఓ నుంచి తీసేద్దామా? తీసేస్తే ముందు డబ్ల్యూగెట్ తీయాలి, కర్ల్ తీయాలి, పైథాన్ తీయాలి. బ్రౌజర్లో పేజీని సేవ్ చేసే బటన్ కూడా తీయాలి. ఎన్‌పీటీఈఎల్ సంగతి చూడండి. పాఠాలు దింపుకోవడానికి వాళ్ళ సైటే వీలిస్తుంది. అవే పాఠాలు యూట్యూబ్‌లో చూస్తే అక్కడి షరతు వేరు. పాఠం చెప్పిన ప్రొఫెసరుకి అభ్యంతరం లేదు, బల్ల వేసిన అంగడివాడికి ఉంది. ఒకే కమాండ్ ఒకచోట తప్పు, ఇంకోచోట ఒప్పు. ఆ తేడా కమాండ్‌కి తెలీదు, కొట్టినవాడికే తెలియాలి.

ఇంకొక సంగతి మనవాళ్ళకి బాగా దగ్గరిది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని ప్రభుత్వం వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టింది. 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడింది. అప్పటికే కొంతమంది స్క్రిప్టులతో ఆ పుస్తకాలు దింపి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి ఉండబట్టి ఇవాళ పాత నవలా, పాత పత్రికా మన ఫోన్లో తెరుచుకుంటున్నాయి. వాటిలో కాపీరైటు తీరనివి కూడా ఉన్నాయి, ఆ గొడవ వేరే. దింపే పనిముట్టు ఆ రోజు ఎవరి దగ్గరా లేకపోయుంటే తీరినవీ తీరనివీ కలిసి పోయేవి.

అందుకే నా ఓటు పెట్టాలనే. అయితే డెస్క్‌టాప్ మీద బొమ్మ వద్దు, దానంతటది నడవడం వద్దు. రెపోలో ఉండాలి, కావాలనుకున్నవాడు టైపు చేసి తెచ్చుకోవాలి. పక్కన తెలుగులో ఒక పేజీ ఉండాలి: ఏ సైటు ఏమంటోంది, వేగం ఎట్లా తగ్గించుకోవాలి, ఎవరిది అడిగి తీసుకోవాలి. ఆ పేజీ నేను రాస్తానని ఒప్పుకున్నాను. ఓటింగు వచ్చే శనివారం.

బ్రౌన్ 1838లో తిరిగి మద్రాసు వచ్చి కంపెనీకి పారశీ అనువాదకుడిగా చేరాడు. 1840లో వ్యాకరణం అచ్చయింది. 1846లో పోస్టుమాస్టర్ జనరల్ కూడా అయ్యాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఆయన మాటలు ఏరింది కావ్యాల నుంచే కాదు, కచేరీ నుంచి, బజారు నుంచి కూడా. జనం తెలుగులో కలిపి మాట్లాడే పారశీ, హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలకి మిశ్రమ భాషా నిఘంటువు అని విడిగా ఒకటి వేశాడు. అచ్చ తెలుగు కాదని పక్కన పెట్టే మాటలన్నీ అందులోకి వచ్చి కూర్చున్నాయి. ఈ వ్యాసంలో నేను వాడిన మాటలు చూస్తే ఆయన ఇంకో సంపుటం వేసేవాడేమో.

1850ల మధ్యలో ఉద్యోగం వదిలి లండన్ వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ప్రొఫెసరుగా ఉన్నాడు. 1866లో తన సాహిత్య జీవితం గురించి చిన్న పుస్తకం రాసుకున్నాడు. 1884 డిసెంబరు 12న పోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి ఉంది. కడపలో బంగళా శిథిలమైపోతే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ళ తరబడి చందాలు పోగుచేసి ఆ స్థలంలోనే ఎర్రముక్కపల్లెలో లైబ్రరీ కట్టించారు. 2006 నుంచి అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. బస్సు దిగి ఆటోలో పోవచ్చు.

నిఘంటువు మాత్రం ఆయనతో ఆగలేదు. వెంకటరత్నం, క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం కలిసి దాన్ని సరిచేసి, కొత్త మాటలు చేర్చి 1903లో రెండో కూర్పు వేశారు. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ సైటులో మాట కొడితే అర్థం చెప్పేది ఈ రెండో కూర్పే.